కథ ఎక్కడ అయిపోయింది, నేను ఎక్కడ మొదలయ్యాను

(కొత్తగా కథలు రాస్తున్నవారి శిబిరంలో రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

నిన్న సాయంత్రం మీరు కథలు చదువుతుంటే వెనక వరసలో కూర్చుని విన్నాను. ఒకరి కథ అయిపోయాక ఎవరో లేచి చాలా మర్యాదగా ఒక మాట అడిగారు. "అంత కోపంగా వెళ్లిపోయిన తమ్ముడు మళ్లీ ఇంటికి ఎందుకొచ్చాడో నాకు అందలేదండీ" అని. కథ రాసినవారు వెంటనే "అంటే అక్కడ నా ఉద్దేశం ఏమిటంటే..." అని అందుకున్నారు. తమ్ముడి చిన్నతనం, అన్న వాణ్ని పెంచిన తీరు, తల్లికిచ్చిన మాట, అన్నీ చెప్పారు. ఎంత బాగా చెప్పారంటే, వింటున్న నాకు కళ్లు చెమర్చాయి. కానీ ఆ చెప్పినదాంట్లో ఒక్క ముక్కా కథలో లేదు.

ఎవరని చెప్పను, ఆ అవసరం కూడా లేదు. నిన్న చదివినవాళ్లలో దాదాపు అందరూ ఆ "నా ఉద్దేశం ఏమిటంటే" అనే వాక్యం వాడారు. నేనూ ఏళ్ల తరబడి వాడాను. ఇవాళ మాట్లాడమన్నప్పుడు వేరే విషయం రాసుకుని వచ్చాను. రాత్రి ఆ కాగితాలు పక్కన పెట్టేశాను. ఈ ఒక్క వాక్యం గురించే మాట్లాడాలనిపించింది.

అహం అనగానే మనకు ఒక రూపం తడుతుంది. ముక్కు మీద కోపం, ఎగరేసిన తల, "నీకేం తెలుసు" అనే గొంతు. అలాంటి అహం ఉన్నవాళ్లు ఇలాంటి శిబిరాలకు రారు. రాసింది నలుగురికీ చదివి వినిపించి, ఎలా ఉందో చెప్పండని అడిగేవాళ్లలో అహం అలా కనిపించదు. అది వివరణలా కనిపిస్తుంది. "మీరన్నది నిజమేనండీ, కాకపోతే..." అంటూ ఎంతో వినయంగా వస్తుంది. మనకే అది అహమని తెలీదు. సాయం చేస్తున్నామనుకుంటాం. పాపం ఆ పాఠకుడికి అర్థం కాలేదు కదా, అర్థమయ్యేలా చెబుదామనుకుంటాం. నిజానికి ఆ క్షణంలో మనం వినడం మానేశాం. నోరు పనిచేస్తున్నంతసేపూ చెవి పనిచేయదు.

నా సంగతి చెప్తాను.

చాలా ఏళ్ల కిందట ఒక చిన్న కథ రాశాను. చనిపోయిన అన్న సైకిల్ని చెల్లెలు అమ్మేస్తుంది, అంతే కథ. కొనడానికి ఒకాయన తన కొడుకుని వెంటబెట్టుకుని వస్తాడు. పిల్లాడికి పదేళ్లుంటాయి. అన్న పొడగరి, సీటు బాగా ఎత్తులో ఉంటుంది, పిల్లాడు ఎక్కితే కాళ్లు పెడల్ మీద ఆనవు. ఆయన స్పానర్ అడుగుతాడు. సీటు కింద నట్టు బిగుసుకుపోయి ఉంటే రెండు చుక్కలు నూనె వేసి, కాసేపు ఆగి, ఒంటి బలమంతా పెట్టి తిప్పుతాడు. సీటు ఏళ్లుగా అదే ఎత్తులో ఉండిపోవడంతో, గొట్టం ఫ్రేములోకి దిగేచోట చుట్టూ ఒక తుప్పు గీత పడి ఉంటుంది. ఆయన సీటు మీద అరచెయ్యి పెట్టి కిందికి నొక్కుతాడు. గీత లోపలికి వెళ్లిపోతుంది. పిల్లాడు ఎక్కి కూర్చుంటాడు.

ఆ తర్వాత ఇంకో పద్నాలుగు వాక్యాలు రాశాను. "ఆ గీతతో పాటే అన్నయ్య కూడా" అని మొదలవుతాయవి. మనుషులు పోవడం, వస్తువులు మిగలడం, కాలం, జ్ఞాపకం, అన్నీ ఉన్నాయి. రాత్రి రెండింటిదాకా కూర్చుని రాశాను. రాస్తూ ఏడ్చాను. తెల్లారి చదువుకుని, ఇంతకంటే మంచి వాక్యాలు నేనెప్పుడూ రాయలేదనుకున్నాను.

అప్పట్లో మేం నలుగురైదుగురం, కొత్తగా రాస్తున్నవాళ్లం, ఒక పెద్దాయన దగ్గరికి వెళ్తుండేవాళ్లం. ఒక పత్రికలో ముప్పై ఏళ్లకు పైగా ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. ఆయన తనంతట తాను ఒక్క కథ కూడా రాయలేదు. మాస్టారూ అని పిలిచేవాళ్లం. ఎర్ర పెన్ను ముట్టేవారు కాదు, ఎప్పుడూ పెన్సిలే. నా కథ మొత్తం చదివారు. వెనక్కి వచ్చి మళ్లీ చివరి పేజీ చదివారు. పిల్లాడు ఎక్కి కూర్చునే వాక్యం కింద స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఒక అడ్డగీత గీశారు.

"కథ ఇక్కడ అయిపోయిందమ్మా. ఆ తర్వాత ఉన్నది నువ్వు" అన్నారు.

చెవులు వేడెక్కడం అంటారే, అది అప్పుడు తెలిసింది నాకు. గొంతు తడారిపోయింది. కానీ కోపంగా ఒక్క మాటా అనలేదు. "అంటే మాస్టారూ, అక్కడ నా ఉద్దేశం ఏమిటంటే" అని మొదలుపెట్టి అరగంట మాట్లాడాను. ఆ పద్నాలుగు వాక్యాలు ఎందుకు కావాలో, అవి లేకపోతే పాఠకుడికి ఏమేం అందకుండా పోతాయో, ఒక్కో వాక్యానికీ వకాల్తా పుచ్చుకున్నాను. ఆయన అంతా విన్నారు. ఒక్క మాటకీ అడ్డు రాలేదు. చివర్లో "సరేనమ్మా" అన్నారు. నేను గెలిచాననుకుని ఇంటికొచ్చాను.

ఇంటికొచ్చాక కోపం మొదలైంది. ఒక్క కథ రాయని మనిషికి ఏం తెలుస్తుందనుకున్నాను. అక్షరదోషాలు వెతికే కంటికి అక్షరదోషాలే కనబడతాయనుకున్నాను. రెండు నెలలు ఆయన గడప తొక్కలేదు. కథ అలాగే పంపించాను. అచ్చయింది. బాగుందని ఉత్తరాలు కూడా వచ్చాయి. వాటిని ఆయనకి చూపించాలని ఎంత ఉండేదో!

కొన్నాళ్లకు ఒక సభలో ఆ కథ చదవమన్నారు. యాభై అరవై మంది ఉంటారు. సైకిల్ సీటు దగ్గరికొచ్చేసరికి హాలంతా నిశ్శబ్దమైపోయింది. ఫ్యాను చప్పుడు వినబడుతోంది. గీత లోపలికి వెళ్లిపోయిందని చదివాను. పిల్లాడు ఎక్కి కూర్చున్నాడని చదివాను. ముందు వరసలో ఒకావిడ చేత్తో నోరు మూసుకుంది.

తర్వాత పద్నాలుగు వాక్యాలు చదివాను. మూడో వాక్యానికి కుర్చీల చప్పుడు వినబడింది. ఆరో దానికి ఎవరో దగ్గారు. ఆ ముందు వరసావిడ నోటి మీద నుంచి చెయ్యి తీసేసి, ఒళ్లో సంచి సర్దుకుంది. నేను ఇంకా చదువుతూనే ఉన్నాను, ఆపలేను కదా. అచ్చయిన కథ. వాళ్లు ఒక చోట నిలబడి ఉంటే, నేను వచ్చి భుజం పట్టుకుని పక్కకు లాగుతున్నట్టనిపించింది. ఆయనన్న మాట అప్పుడు వినబడింది నాకు. ఆ తర్వాత ఉన్నది నువ్వు.

ఈ మాటని నేను తర్వాత చాలాసార్లు తిప్పి తిప్పి చూసుకున్నాను. ఆయన నా వాక్యాలు బాగాలేవని అనలేదు. అవి కథవి కావన్నారు. ఆ పద్నాలుగు వాక్యాలు కూడా ఒక రకం "అంటే అక్కడ నా ఉద్దేశం ఏమిటంటే"నే. నోటితో చెప్పాల్సిన వివరణని ముందే కాగితం మీద రాసిపెట్టుకున్నాను. పాఠకుడికి అందదేమో, నేనెంత లోతుగా అనుకున్నానో తెలియకుండా పోతుందేమో అనే భయం. అంటే అహం విమర్శ వచ్చాక పుట్టింది కాదు. కథ రాసేటప్పుడే వచ్చి చివరి పేరాలో కూర్చుంది. పైకి చూస్తే విమర్శని ఒప్పుకోవడం, మంచి వాక్యం రాయడం వేరు వేరు విద్యల్లా కనిపిస్తాయి. నా అనుభవంలో రెండూ ఒకటే. కథలోంచి తనని తాను తీసేసుకోగలిగినవాళ్లు, కథ గురించి అన్న మాటలోంచి కూడా తమని తాము తీసేసుకోగలుగుతారు.

కాకి పిల్ల కాకికి ముద్దు అంటాం. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, పిల్ల ముద్దుగా లేకపోతే కాకి దాన్ని పెంచదు. 2012లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు దీన్ని కాగితం బొమ్మలతో పరీక్షించారు. ఎప్పుడూ అలవాటు లేనివాళ్లతో ఓరిగామి బొమ్మలు మడిపించారు. వంకరటింకరగా వచ్చిన తమ బొమ్మలకి వాళ్లు ఇంచుమించు నిపుణుల బొమ్మలకి ఇచ్చినంత విలువ కట్టారు. బయటివాళ్లు వాటికి అంతకంటే చాలా తక్కువ ఇచ్చారు. నాకు ముఖ్యమనిపించిన సంగతి ఇంకొకటుంది. చేసినవాళ్లు, ఎదుటివాళ్లు కూడా తమలాగే విలువ కడతారని నమ్మారు. మన బాధ మొదలయ్యేది అక్కడే. నా పిల్ల నాకు ముద్దు అనుకోవడంలో ఇబ్బంది లేదు, నీకూ ముద్దుగా ఉండి తీరాలి అనుకోవడంలో ఉంది.

ఇంకో పరిశోధన కూడా చెప్పి తీరాలి, ఎందుకంటే ఇది విమర్శ చేసేవాళ్లకి కూడా పనికొస్తుంది. 1996లో అవ్రహామ్ క్లూగర్, ఏంజెలో డినిసి అనే ఇద్దరు, ఒక మనిషి పని గురించి తనకి చెబితే ఆ తర్వాత ఆ పని ఎలా మారుతుందో చూసిన పాత ప్రయోగాలన్నిటినీ ఒకచోట పోగుచేశారు. 600కు పైగా ఫలితాలు. సగటున చూస్తే చెప్పడం వల్ల మేలే జరిగింది. కానీ మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో, చెప్పాక పని ఇంకా పాడైంది. వాళ్లు ఇచ్చిన వివరణ ఏమిటంటే, చెప్పిన మాట మనిషి ధ్యాసని పని మీదికి పంపితే పని బాగుపడుతుంది, తన మీదికి తిప్పితే పాడవుతుంది. ఇందులో తిట్టే కాదు, పొగడ్త కూడా ఉంది. "నువ్వు గొప్ప రచయితవి" అన్నా, "నీకు రాయడం రాదు" అన్నా, విన్నవాడు కథని వదిలేసి తన గురించి ఆలోచించుకోవడం మొదలుపెడతాడు. "మూడో పేజీలో ఆ ఉత్తరం ఎవరు రాశారో తెలియలేదు" అంటే, మూడో పేజీ తీసి చూసుకుంటాడు.

అందుకే మీకొక అలవాటు చెబుతాను. ఎవరైనా మీ గురించి ఏదన్నా అంటే, దాన్ని మీ పని గురించిన మాటగా మార్చి రాసుకోండి. "మీ కథలు బోర్ అండీ" అని ఒకరు నాతో అన్నారు. వినగానే ఎలా ఉంటుందో మీకు తెలుసు. నేను "ఎక్కడ ఆపేశారండీ చదవడం?" అని అడిగాను. ఆయన ఆలోచించి, "ఆ పెళ్లి చూపుల సీను తర్వాత" అన్నారు. అది నాకు పనికొచ్చింది. ఇంటికెళ్లి చూస్తే, ఆ సీను తర్వాత నాలుగు పేజీల దాకా ఎవరికీ ఏమీ కావలసిన అవసరం లేదు. అందరూ కూర్చుని మాట్లాడుకుంటున్నారు. "బోర్" అనే మాట నాకు తగిలింది. "పెళ్లి చూపుల సీను తర్వాత" అనే మాట కథకి తగిలింది. రెండూ అన్నది ఒకాయనే.

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. అందరూ అన్నవన్నీ మార్చేయడం వినయం కాదు. నేను ఆ సభ తర్వాత ఒక ఏడాది ఆ తప్పు కూడా చేశాను. ఎవరేమంటే అది దిద్దేశాను. ముగింపు విషాదంగా ఉందంటే సంతోషం చేశాను, ఆడమనిషి అలా మాట్లాడదంటే మాటలు తగ్గించాను. ఆ ఏడాది రాసిన కథలేవీ ఇప్పుడు నా దగ్గర లేవు. అది కూడా అహమే, తిరగేసిన అహం. మొదట్లో అందరూ ఒప్పుకోవాలని వాదించాను. తర్వాత అందరూ ఒప్పుకోవాలని లొంగిపోయాను. రెండు సందర్భాల్లోనూ చూసుకున్నది నన్నే, కథని కాదు.

మరి ఎవరి మాట ఎంతవరకు తీసుకోవాలి? దీనికి నాకు తెలిసినంతలో పాత కథ ఒకటి చాలా సాయం చేసింది. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో అపెలీస్ అనే గ్రీకు చిత్రకారుడు ఉండేవాడు. ఆయన తన బొమ్మల్ని దారిన పోయేవాళ్లకి కనిపించేలా పెట్టి, వెనక దాక్కుని వాళ్లు ఏమంటున్నారో వినేవాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. దాక్కున్నాడంటే నోరు విప్పే వీలు లేదు కదా, ఆ పద్ధతిలో నాకు బాగా నచ్చింది అదే. ఒకరోజు చెప్పులు కుట్టే ఆయన ఒకడు చూసి, బొమ్మలో చెప్పుకి లోపలివైపు ఒక పట్టీ తక్కువైందన్నాడు. అపెలీస్ దిద్దాడు. మర్నాడు ఆయన వచ్చి, తన మాట విన్నందుకు ఉత్సాహపడి, కాలు కూడా సరిగా లేదన్నాడు. అపెలీస్ బయటికొచ్చి, చెప్పు దాటి పైకి రావద్దన్నాడు.

ఈ కథని అందరూ రెండో రోజు కోసమే చెప్తారు, విమర్శకుడు తన హద్దులో ఉండాలని. నాకు మొదటి రోజు ముఖ్యం. తన కాలంలో అంత పేరున్న చిత్రకారుడు, దారినపోయే మనిషి ఒక పట్టీ తక్కువైందంటే, రాత్రికి రాత్రి దిద్దాడు. ఆ మనిషికి బొమ్మలెయ్యడం రాదు. కానీ చెప్పులు తెలుసు. మా మాస్టారు కథలు రాయలేదు. కానీ ముప్పై ఏళ్లు రోజూ కొన్ని వేల వాక్యాలు, ప్రతి అక్షరం చూస్తూ చదివిన మనిషి. ఒక వాక్యం ఎక్కడ బరువు కోల్పోతుందో ఆయనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? "నువ్వు రాసి చూపించు" అనేది మనం వాడే అన్నిటికంటే బలహీనమైన వాదన. దయచేసి దాన్ని వాడకండి.

పాఠకుడికి నొప్పి ఎక్కడుందో తెలుస్తుంది. మందు చాలాసార్లు తెలియదు. "ఇక్కడ ఒక పాట పెట్టండి", "వాడు చచ్చిపోతే బాగుండేది" అంటారు. ఆ సలహా పనికిరాకపోవచ్చు. కానీ వాళ్లు వేలు పెట్టిన చోట ఏదో ఉంది. సలహా నచ్చలేదని చోటుని కూడా కొట్టిపారేస్తాం, అక్కడ పొరపాటు చేస్తాం. ఇద్దరు ముగ్గురు వేరే వేరే మందులు చెబుతూ ఒకే చోట వేలు పెడితే, ఇంక ఆలోచించక్కర్లేదు, నొప్పి అక్కడే.

మంచి విమర్శకుడు కొట్టేయమనడమే కాదు, ఉంచమని కూడా అంటాడు. ఇంగ్లీషు కవి టి.ఎస్. ఎలియట్ తన 'వేస్ట్‌లాండ్' కావ్యం చిత్తుప్రతిని తోటి కవి ఎజ్రా పౌండ్‌కిచ్చిన సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. పౌండ్ పేజీలకి పేజీలు అడ్డంగా కొట్టేశాడు. 1922లో అచ్చయినప్పుడు ఆ కావ్యం మొదట్లో ఉన్నదాంట్లో సగం కూడా లేదంటారు. ఆ రాతప్రతి చాలాకాలం ఎక్కడుందో తెలియక, తర్వాత న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో బయటపడింది. 1971లో దాన్ని ఉన్నదున్నట్టు అచ్చేశారు. ఆ గీతలు, పక్కన రాసిన మాటలు ఇవాళ ఎవరైనా చూడొచ్చు. అన్నీ కొట్టేశాక ఎలియట్ నీరసపడి, నీళ్లలో మునిగిపోయిన నావికుడి భాగం కూడా తీసేయనా అని అడిగాడు. పౌండ్ వద్దన్నాడు, అది ఉండి తీరాలన్నాడు. అది నిలిచింది. దెబ్బ తిన్నప్పుడు మనం ఎక్కడ ఆగాలో మనకే తెలియదు, మంచివాటిని కూడా తీసి పారేయాలనిపిస్తుంది. చేతులు పట్టుకుని ఆపే మనిషి అప్పుడు కావాలి. ఎలియట్ తర్వాత ఆ కావ్యాన్ని పౌండ్‌కే అంకితమిచ్చాడు. అంకితంలో పాతకాలపు కవి డాంటే నుంచి తీసుకున్న ఇటాలియన్ మాట వాడాడు. నాకంటే మంచి పనివాడు అని దాని అర్థం. పనివాడు అన్నాడు, చూడండి. ఆ ఇటాలియన్ మాటలో కమ్మరి కొలిమి ఉంది.

మన దగ్గర కూడా పాత కావ్యాల ముందుమాటల్లో కుకవినింద అని ఒక ఆనవాయితీ ఉండేది. చెడ్డకవుల్ని, తప్పులెన్నేవాళ్లని ముందే నాలుగు తిట్టి కావ్యం మొదలుపెట్టడం. ఎందుకు తిట్టారో నాకు అర్థమవుతుంది. కానీ నా మనసుకి దగ్గరగా ఉండేది కాళిదాసు. శాకుంతలం మొదట్లోనే సూత్రధారుడి చేత ఒక మాట అనిపిస్తాడు. తెలిసినవాళ్లు తృప్తిపడేదాకా నా ప్రయోగం బాగుందని అనుకోను, ఎంత నేర్చుకున్నవాళ్లకైనా తమ మీద తమకు పూర్తి నమ్మకం కుదరదు అని. తెర లేచాక మొదటి మాటల్లోనే, అంతమంది ముందు, ఆ సందేహాన్ని దాచుకోకుండా పెట్టాడు.

ఇక గురజాడ. 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. పేరొచ్చింది. అక్కడితో ఆగిపోతే ఎవరూ అడిగేవాళ్లు లేరు. కానీ 1909లో వచ్చిన రెండో కూర్పు చూడండి. అది దిద్దుబాటు కాదు, నాటకాన్ని మళ్లీ రాశాడు. నిడివి పెరిగింది, మధురవాణి పెరిగింది. మనం ఇవాళ కన్యాశుల్కం అని చదువుకుంటున్నది ఆ రెండోదే. పన్నెండేళ్ల పాటు, జనం బాగుందన్న తన సొంత నాటకాన్ని బాగాలేదన్నట్టు చూడగలగడం! తిట్టిన కథని మళ్లీ రాయడం కష్టమే, మెచ్చిన కథని మళ్లీ రాయడం ఇంకా కష్టం. నాకు ఉత్తరాలొచ్చాయన్నాను కదా, ఆ పద్నాలుగు వాక్యాలు అంతకాలం బతికింది ఆ ఉత్తరాల అండతోనే.

మీకు ఇక్కడి నుంచి తీసుకెళ్లడానికి పనికొచ్చేవి ఒకటి రెండు చెప్తాను. అమెరికాలో లిజ్ లెర్మన్ అనే నృత్య దర్శకురాలు 1990లో ఒక పద్ధతి తయారుచేశారు. ముందు చూసినవాళ్లు తమకు ఏది గుర్తుండిపోయిందో, ఏది తాకిందో చెప్తారు. తర్వాత కళాకారుడు తన సందేహాలు అడుగుతాడు. ఆ తర్వాత చూసినవాళ్లు ప్రశ్నలు అడుగుతారు, కానీ వాటిలో తమ తీర్పు ఉండకూడదు. చివర్లో "దీని గురించి నాకొక అభిప్రాయం ఉంది, చెప్పమంటారా?" అని అడిగి, సరేనంటేనే చెప్తారు. మూడో మెట్టు చూడ్డానికి చిన్నది, చేస్తే చెమట్లు పడతాయి. "ఎందుకంత సాగదీశారు?" అనేది ప్రశ్న కాదు, తీర్పు. "ఆ సీను ఎంతసేపు నడవాలనుకున్నారు?" అనేది ప్రశ్న. ఇవాళ మధ్యాహ్నం సెషన్‌లో ఒకసారి ఇలా చేసి చూడండి.

నా పద్ధతి ఇంకా మొరటుది. ఎవరైనా చెబుతున్నప్పుడు వాళ్ల మాటల్ని వాళ్ల మాటల్లోనే నోట్‌బుక్‌లో రాసుకుంటాను. చెయ్యి రాస్తుంటే నోరు ఊరుకుంటుంది, అందుకు. సారాంశం రాయను, ఎందుకంటే సారాంశంలో నేను దూరిపోతాను. "మూడోసారి ఏడ్చినప్పుడు నాకు జాలి వెయ్యలేదు" అంటే అలాగే రాసుకుంటాను, "ఏడుపు ఎక్కువైందట" అని కాదు. ఇంటికెళ్లి వెంటనే చూడను. రెండు మూడు రోజులు పోనిస్తాను. అప్పటికి ఎవరన్నారో, ఏ గొంతుతో అన్నారో కాస్త మసకబారుతుంది, అన్నదేమిటో మిగులుతుంది. వినడం ఒక పని, ఒప్పుకోవడం ఇంకో పని. రెంటినీ ఒకే గంటలో చెయ్యాలని చూస్తేనే టెన్షన్. విన్న రోజు ఒప్పుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు.

బాధ పోతుందా అని నిన్న ఒకరు అడిగారు. నాకు పోలేదు. ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని ఊరికే అనలేదు. కానీ అందులో ఒక తేడా గమనించాను. అన్యాయంగా అన్న మాట ఒక పూట మండి చల్లారిపోతుంది. నిజమైన మాట చల్లారదు. వారం తర్వాత కూడా వాదిస్తూనే ఉన్నానంటే, ఎదురుగా ఎవరూ లేకపోయినా నాలో నేనే జవాబులు చెప్పుకుంటున్నానంటే, ఆ మాట దగ్గర ఏదో ఉందని ఇప్పుడు తెలుసు నాకు. ఇక కథని వదిలేసి మనిషిని, పుట్టుకని, రూపాన్ని అనేవాళ్లుంటారు. అది విమర్శ కాదు. వాళ్లకి మీ నోట్‌బుక్‌లో చోటు ఇవ్వొద్దు.

ఆ సభ జరిగిన వారానికి మాస్టారింటికి వెళ్లాను. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూ వెళ్లాను. ఆయన వరండాలో పేపర్ చదువుకుంటున్నారు. కూర్చోమన్నారు. "మాస్టారూ, ఆ కథ విషయంలో మీరన్నదే నిజం. ఆ చివరి పేరా తీసేయాల్సింది" అన్నాను.

"ఏ కథమ్మా?" అన్నారు.

సైకిల్ కథ అన్నాను. అడ్డగీత గురించి చెప్పాను. నేను అరగంట వాదించింది కూడా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి ఆలోచించారు. నిజంగానే గుర్తులేదు ఆయనకి. నేను అన్ని నెలలు మోసిన మాట, రాత్రులు పడుకోకుండా జవాబులు చెప్పిన మాట, ఆయన అన్న రోజే మర్చిపోయారు. ఆయన దృష్టిలో అది నన్నన్న మాట కాదు మరి. ఒక కాగితం మీద ఒక వాక్యం కింద గీసిన గీత. అలాంటివి ఆయన జీవితంలో ఎన్ని వేలు గీసి ఉంటారో.

"ఇప్పుడేం రాస్తున్నావు? తెచ్చావా?" అన్నారు.

సంచిలో ఉంది. తీసిచ్చాను. చదవడం మొదలుపెట్టారు. నేను ఆయన మొహం వైపు చూడకుండా ఉండటానికి నోట్‌బుక్ తీసి పెట్టుకున్నాను. మూడో పేజీలో పెన్సిల్ ఆగింది.

"ఈమె లోపల గడియ పెట్టుకుంది కదా. మరి పక్కింటావిడ లోపలికెలా వచ్చింది?"

దానికి నా దగ్గర జవాబుంది. చాలా మంచి జవాబు. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. మూసుకుని, పెన్ను మూత తీసి, ఆయనన్నది అన్నట్టే రాసుకున్నాను.

"చెప్పండి మాస్టారూ" అన్నాను.